ఆడపిల్ల పేరు: ముందు పిలిచి, తర్వాత అర్థం చూసి ఎంచుకునే పద్ధతి

పాపకు పేరు వెతికేటప్పుడు చాలామంది అర్థాల పట్టికతో మొదలుపెడతారు. వెలుగు, పువ్వు, లక్ష్మి, నది అని అర్థాలు చదువుకుంటూ పోతే వంద పేర్లు పోగవుతాయి, ఒక్కటీ తేలదు. నేను చెప్పే దారి దీనికి ఎదురు. ముందు పేరు పెట్టి పిలవండి, అర్థం సంగతి తర్వాత. అర్థం ఎవరో అడిగినప్పుడు ఎప్పుడో ఒకసారి చెప్పుకుంటాం. పిలుపు రోజూ వినపడుతుంది. వినగానే ‘ఇది అమ్మాయి పేరు’ అనిపించే గుణం కూడా పిలుపులోనే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం చివరి అక్షరంలో.

ఒక పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి. ఇంట్లో అందరూ చెప్పిన పేర్లన్నీ ముందు రాసేయండి. మొదటి అక్షరం ఫలానాదే కావాలనే పట్టింపు ఎవరికైనా ఉంటే అది ఇప్పుడే తేల్చుకోండి. పేరు మీద మనసు పడ్డాక ఆ గొడవ వస్తే అందరికీ బాధే.

మొదటి మెట్టు: గట్టిగా పిలవండి

కాగితం మీద సీత, గౌరి, బిందు. పిలిచినప్పుడు సీతా! గౌరీ! బిందూ! చివరి హ్రస్వం దీర్ఘమైంది చూశారా? తెలుగులో సంబోధన పనిచేసే తీరు ఇది. సంస్కృతంలో ఈ స్త్రీనామాలు చాలావరకు మొదటి నుంచీ దీర్ఘాంతాలే: సీతా, గౌరీ, లతా, నదీ. తెలుగులోకి వచ్చేటప్పుడు మనం ఆ చివరి దీర్ఘాన్ని కుదించి సీత, లత, నది అన్నాం. పిలిచేటప్పుడు ఆ దీర్ఘం మళ్లీ తిరిగి వస్తుంది.

మనుస్మృతి రెండో అధ్యాయం 33వ శ్లోకంలో ఆడవాళ్ల పేరుకు కొన్ని లక్షణాలు చెప్పారు: సుఖంగా పలికేది, కర్కశం కానిది, అర్థం స్పష్టంగా తెలిసేది, మనసుకు నచ్చేది, మంగళకరమైనది, దీర్ఘవర్ణంతో ముగిసేది, దీవెనలా ఉండేది. స్త్రీల గురించి ఆ గ్రంథంలోని మిగతా మాటలు చాలా నాకు ఒప్పుదల కావు. కానీ ఈ శ్లోకం రాసినవాళ్లకు మంచి చెవి ఉందని మాత్రం ఒప్పుకుంటాను. దీర్ఘంతో ముగిసే పేరును ఎంతసేపైనా సాగదీసి పిలవొచ్చు. లాలించవచ్చు, గారం చేయవచ్చు, దూరం నుంచి కేకేయవచ్చు.

హల్లుతో ముగిసే పేర్లతో ఇక్కడే చిక్కు. మహక్, నూర్, జాస్మిన్ అందమైన పేర్లే. కానీ తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు కోరుకుంటుంది. అలాంటి పేరును సాగదీయబోతే చివర పట్టు దొరకదు, అందుకే ఇంట్లో వాళ్లు తెలియకుండానే ‘జాస్మినూ’ అనో ‘నూరీ’ అనో ఒక అచ్చు తగిలిస్తారు. ఆ రూపం మీకు నచ్చితే సరే. నచ్చకపోతే ఆ పేరు పక్కన చిన్న గుర్తు పెట్టండి.

మీ పట్టికలోని ప్రతి పేరునూ మూడు రకాలుగా పిలిచి చూడండి: పక్కనే ఉన్న పాపను మెల్లగా, పక్క గదిలోంచి, చివరికి కాస్త కోపంగా. మూడింట్లోనూ నోరు తడబడకపోతే ఆ పేరు నిలబడుతుంది.

రెండో మెట్టు: చివరి అక్షరాన్ని పరీక్షించండి

అసలు పనంతా ఇక్కడుంది, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి.

తెలుగులో మగ పేరుకు ‘డు’ గుర్తు: రాముడు, కృష్ణుడు. ఆడ పేరుకు అలాంటి ఒక్క గుర్తంటూ లేదు, చాలా ఉన్నాయి. పాత పేర్లు చూడండి. వెంకయ్య–వెంకమ్మ, సుబ్బయ్య–సుబ్బమ్మ, లక్ష్మయ్య–లక్ష్మమ్మ. మొదటి భాగం ఎవరిదైనా కావచ్చు, చివరిది మాత్రమే ఆడా మగా తేలుస్తుంది. రుద్ర అనే మాటలో మెత్తదనం ఏమీ లేదు, అది శివుడి పేరు. దానికి ‘మ’ చేరగానే రుద్రమ. శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించే కాకతీయ రాణి ఆమె. తాళ్లపాక తిమ్మక్క, తరిగొండ వెంగమాంబ పేర్లలోనూ అక్క, అంబ చేసే పని ఇదే. పేరు ముందు భాగం ఎంత గంభీరంగా ఉన్నా, చివర కుదిరితే అది ఆడపిల్ల పేరే అవుతుంది. మెత్తటి పేర్లు అందరికీ నచ్చాలని లేదు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇప్పుడు సంస్కృతం నుంచి వచ్చిన ముగింపులు. ‘ఇక’ నిఖార్సయిన స్త్రీ ప్రత్యయ రూపం. బాలకుడు–బాలిక, నాయకుడు–నాయిక, గాయకుడు–గాయిక. అందుకే రాధిక, దీపిక, చంద్రిక, మల్లిక, గీతిక వినగానే అమ్మాయి పేర్లని తెలిసిపోతుంది. ‘ఇని’ కూడా అంతే: యోగి–యోగిని, మాలి–మాలిని, శాలి–శాలిని. నందిని, పద్మిని, హాసిని ఈ వరసలోవే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. తేజస్వి, యశస్వి, మనస్వి అని ఆడపిల్లలకు పెడుతున్నారు. సంస్కృతంలో ఇవి పుంలింగ రూపాలు. స్త్రీలింగం తేజస్విని, యశస్విని, మనస్విని. క్రికెటర్ యశస్వి జైస్వాల్ పేరు వింటే అది మగ పేరని ఇట్టే తెలుస్తుంది. అమ్మాయికి పెట్టదలిస్తే ఆ ‘ని’ వదలకండి, ఆ ఒక్క అక్షరంతోనే పేరుకు నిండుదనం వస్తుంది. తన్వి, సాధ్వి సంగతి వేరు. అవి తను, సాధు అనే ఉకారాంతాల నుంచి పుట్టిన అసలైన స్త్రీలింగ రూపాలు.

‘వతి’, ‘మతి’ కొంచెం పాతకాలపు గంభీరత ఉన్న ముగింపులు. వీటితో కొత్త పేరు కట్టేటప్పుడు ఒక చిన్న సూత్రం ఉంది. ముందున్న మాట అకారంతోనో ఆకారంతోనో ముగిస్తే ‘వతి’ వస్తుంది: రూపవతి, లీలావతి, పద్మావతి. ఇతర అచ్చుల తర్వాత సాధారణంగా ‘మతి’: భానుమతి, ఇందుమతి, శ్రీమతి. భానువతి అంటే చెవికి ఎందుకు ఎబ్బెట్టుగా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

‘ఆని’, ‘ఆణి’ వినసొంపైనవే: భవాని, శర్వాణి, ఇంద్రాణి, రుద్రాణి. ఇవన్నీ ‘ఫలానా దేవుడి భార్య’ అనే అర్థంలో ఏర్పడిన మాటలు. భవుడి భార్య భవాని, ఇంద్రుడి భార్య ఇంద్రాణి. చాలామంది ఇది గమనించరు. గమనించినా దేవి పేరుగా ప్రేమతో పెట్టుకుంటే తప్పేమీ లేదు, కానీ తెలిసి పెట్టుకోండి.

చివర ఇకారం ఉంటే చాలు ఆడ పేరవుతుందనుకోవడం ఇంకో పొరపాటు. స్వాతి, భారతి, పార్వతి ఆడపేర్లు. రవి, హరి, గణపతి, శ్రీపతి మగపేర్లు. పార్వతిలోని ఇకారం సంస్కృతంలో దీర్ఘం, రవిలోది హ్రస్వం. తెలుగులో రెండూ ఒకేలా వినపడతాయి కాబట్టి ఇకారం ఒక్కటే చాలదు, దాని ముందున్న హల్లు కూడా చూడాలి. పేరు చివర ని, ణి, లి ఉంటే ఎక్కువసార్లు స్త్రీత్వం పలుకుతుంది. ‘పతి’ వస్తే మగపేరే. మురళి మాత్రం విచిత్రం. వేణువు అనే అర్థంలో సంస్కృతంలో అది స్త్రీలింగ పదం, మన దగ్గర మాత్రం మగపిల్లల పేరుగా స్థిరపడిపోయింది.

నాకు తెలుగులో బాగా ఇష్టమైన కిటుకు ఒకటుంది. లావణ్యం, సౌజన్యం, సౌందర్యం, ఐశ్వర్యం, కావ్యం, సాహిత్యం అన్నీ నపుంసక పదాలు, గుణాలో వస్తువులో. చివరి సున్నా తీసేయండి. లావణ్య, సౌజన్య, సౌందర్య, ఐశ్వర్య, కావ్య, సాహిత్య అని అమ్మాయిలు నిలబడతారు. చందనం నుంచి చందన, స్పందనం నుంచి స్పందన కూడా ఇలా వచ్చినవే. ఈ దారిలో మీరు కూడా కొత్త పేర్లు వెతకవచ్చు. అయితే శౌర్యం నుంచి వచ్చిన శౌర్య మగపిల్లల వైపు వెళ్లింది, చైతన్య ఇద్దరికీ చెల్లుతోంది. ఇక్కడ అర్థం కూడా పాత్ర వహిస్తుందన్నమాట.

అచ్చ తెలుగు మాటలను మరవకండి. వెన్నెల, సిరి, మల్లి, జాబిల్లి, మువ్వ. సిరి అనేది శ్రీకి తద్భవం, సంజ అనేది సంధ్యకు. సంస్కృతంలోని ఒత్తులు కరిగి తెలుగు నోట్లో మెత్తబడ్డ మాటలివి. పలకడం ఇంత తేలికైన పేర్లు వేరే వెతికినా దొరకవు.

మూడో మెట్టు: హల్లుల స్వభావం వినండి

తెలుగు వ్యాకరణం క, చ, ట, త, పలను పరుషాలు అంది. గ, జ, డ, ద, బలను సరళాలు అంది. పేర్లలోనే తేడా చెప్పేసింది. వీటికన్నా మృదువుగా సాగేవి న, మ అనే అనునాసికాలు, య, ర, ల, వ అనే అంతస్థాలు. మాలిని, విమల, నళిని, రమ్య పలికి చూడండి. గాలి ఎక్కడా పూర్తిగా ఆగిపోయి పేలదు.

ఈ అనుభూతి మన ఒక్కరిదే కాదు. 1929లో జర్మన్ మనస్తత్వవేత్త వోల్ఫ్‌గాంగ్ కోలర్ రెండు బొమ్మల గురించి రాశాడు. ఒకటి వంపులతో గుండ్రంగా ఉంటుంది, ఇంకోటి కోణాలతో మొనదేలి ఉంటుంది. వీటిలో ‘బలూమా’ ఏది, ‘తకెటె’ ఏది అంటే జనం వంపుల బొమ్మకు బలూమా, కోణాల బొమ్మకు తకెటె అంటారు. తర్వాతి ముద్రణలో బలూమాను మలూమాగా మార్చాడు. బ, ల, మ గుండ్రంగా వినపడతాయి. త, క, ట కోసుగా వినపడతాయి.

మన అలంకారికులు ఇంకా సూక్ష్మంగా చెప్పారు. మాధుర్య గుణం పుట్టాలంటే టవర్గం తప్ప మిగతా స్పర్శాలు, అంటే క నుంచి మ వరకు ఉన్న హల్లులు, తమ వర్గంలోని అనునాసికంతో జతకట్టాలని కావ్యప్రకాశం రాసిన మమ్మటుడి మాట. తెలుగులో మనం దాన్ని సున్నాగా రాస్తాం: మంజుల, నందిని, చందన, వసంత, ఇందు, సింధు, స్రవంతి, అంబిక. పరుషమో సరళమో ముందు సున్నా వచ్చేసరికి దాని అంచు మెత్తబడుతుంది. ‘కాంతి’లో తకారం ఉంది, కానీ గుచ్చుకోదు. మీకు నచ్చిన పేరులో క, త, ప ఉన్నాయని కొట్టేయకండి. పక్కన ఏముందో చూడండి. కవిత, పల్లవి, కీర్తన పరుషంతో మొదలవుతాయి, అయినా తర్వాతి అక్షరాలు వాటిని మోసుకుపోతాయి.

సంయుక్తాక్షరాలు ఒకటి వరకు ఫరవాలేదు. స్మృతి, జ్యోత్స్న అర్థంలో గొప్పవే. జ్యోత్స్నను మాత్రం ఎంతమంది సరిగా పలుకుతారో ఊహించుకోండి. ఆ పేరున్న పిల్లే రోజూ అందరి పలుకునూ దిద్దవలసి వస్తే ఆ పేరు ఆమెకు పనిపెట్టినట్టే.

నాలుగో మెట్టు: నడక

అక్షరాల లెక్కలో ఎక్కువ సేపు గడపనక్కర్లేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రం అనే ప్రాచీన గ్రంథం మగపిల్లలకు సరి అక్షరాలు, ఆడపిల్లలకు బేసి అక్షరాలు చెప్పింది. ఆ ప్రకారం మూడక్షరాల పేరు సరిగ్గా సరిపోతుంది. ఛందస్సు తెలిసినవాళ్లకు ఇంకో సరదా. నందిని, దీపిక, మాలతి, వందన అన్నీ భగణాలు, గురువు మీద అడుగేసి రెండు లఘువులతో దిగిపోతాయి. కవిత, అరుణ నగణాలు, తేలిగ్గా పరుగెడతాయి. సుజాత జగణం, మధ్యలో ఒత్తు ఇస్తుంది. నావరకు భగణం నడకే ఆడపిల్ల పేరుకు అందంగా ఒదుగుతుంది. రెండక్షరాల సీత, రమ, గీతల అందం వాటి క్లుప్తతలో ఉంది. అయిదు దాటితే పొట్టిపేరు ఎలాగూ పుడుతుంది.

అయిదో మెట్టు: ఇప్పుడు నిఘంటువు తెరవండి

చెవికి నిలిచిన పేర్లు ఒక పది మిగిలి ఉంటాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ సంస్కృత నిఘంటువులోనూ తెలుగు నిఘంటువులోనూ చూడండి. రెండూ చూడాలి, ఎందుకంటే ఒకే మాటకు రెండు భాషల్లో రెండు ముఖాలు ఉండొచ్చు. అలక సంస్కృతంలో కుబేరుడి పట్టణం, తెలుగులో బుంగమూతి. వేదిక వినసొంపైన పేరు, కానీ తెలుగులో సభావేదిక గుర్తుకు రాకుండా ఉండదు.

ఎంత మృదువుగా పలికినా పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. మదిర, సుర అంటే మద్యం. పుష్పవతి అనే మాటకు రజస్వల అనే అర్థం ఉంది. మోహిత అంటే మోహంలో పడి తెలివి తప్పినది. అస్మిత యోగశాస్త్రంలో ‘నేను’ అనే అహంభావం, అక్కడ దాన్ని క్లేశాల్లో ఒకటిగా చెప్పారు. వేదన, యాతన, వంచన, కలత, నలత అన్నీ చివర ఆడపేర్లలాగే ఉంటాయి, లోపల బాధే. అనామిక అంటే పేరు లేనిది, ఉంగరపు వేలికి కూడా అదే పేరు. అది తెలిసీ ఆ మాట మీద ఇష్టంతో పెట్టుకున్నవాళ్లను నేను తప్పుపట్టను.

అమ్మ పేరులో ఒక ముక్క, నాన్న పేరులో ఒక ముక్క తీసి కొత్త పేరు కట్టడం ఇప్పుడు చాలామందికి ఇష్టం. కట్టండి. కట్టాక రెండు భాషల్లోనూ అది ఇంకేదైనా మాటకు దగ్గరగా ఉందేమో చూసి, చివర ఇక, ఇని, ఇత, న లాంటి ముగింపు కుదిరేలా దిద్దండి.

ఆరో మెట్టు: పొట్టిపేరు ముందే ఊహించండి

మీరు ఎంత ముచ్చటపడి పెట్టినా స్నేహితులు దాన్ని రెండక్షరాలకు దించేస్తారు. హరిణి హరి అవుతుంది, శశికళ శశి అవుతుంది, కృష్ణవేణి కృష్ణ అవుతుంది, రామలక్ష్మి రామ అవుతుంది. ముందు భాగం మగపేరైతే పొట్టిపేరు కూడా మగపేరే. పూర్తి పేరు స్త్రీ నామంగా ఉండాలని కోరుకునేవాళ్లకు ఇది నిరాశ కలిగించవచ్చు. ముందు భాగం కూడా ఆడపేరుగా నిలిచే జంటలు చూసుకోండి: జయలక్ష్మి–జయ, ఇందుమతి–ఇందు, మంజుభాషిణి–మంజు. అక్కచెల్లెళ్ల పేర్లు హరిత, సరిత లాగా ప్రాసతో పెట్టేవాళ్లు పక్క గదిలోంచి పిలిచి చూడండి. ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, లేదా ఇద్దరూ పలకరు.

చిన్ని, బుజ్జి, చిట్టి లాంటివి ముద్దుపేర్లుగానే ఉంచండి. రేపు ఆమె న్యాయమూర్తో వైద్యురాలో అయినప్పుడు తలుపు మీద రాసుకునే పేరు కూడా ఇదే కదా.

ఏడో మెట్టు: రాత, బయటి ప్రపంచం

తెలుగులో రమ, రామ వేరు. ఆంగ్ల అక్షరాల్లో రెండూ ఆర్, ఏ, ఎం, ఏ. కల, కళ, హరిణి, హారిణి కూడా అక్కడ కలిసిపోతాయి. హరిణి ఆడజింక, హారిణి మనసు దోచేది. మీరు ఎంచుకున్న పేరు ఆంగ్లంలో రాస్తే మగపేరుగా చదివే వీలుందేమో చూడండి. ఉంటే ఏ అక్షరాలతో రాయాలో ఇప్పుడే నిర్ణయించి, అన్ని కాగితాల్లోనూ అదే వాడండి.

వేరే భాషల చెవి వేరు. చివరి అకారం స్త్రీత్వానికి గుర్తు కావడం చాలాచోట్ల ఉంది: లాటిన్‌లో జూలియస్–జూలియా, అరబ్బీలో అమీన్–అమీనా, జమీల్–జమీలా. కానీ అన్నిచోట్లా కాదు. మనం అమ్మాయికి పెట్టే నికిత రష్యాలో మగపేరు, సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్ గుర్తుండే ఉంటాడు. ఆండ్రియా ఇటలీలో మగవాళ్ల పేరు, గాయకుడు ఆండ్రియా బోచెల్లీ ఉన్నాడు. జర్మనీలో అదే ఆడపేరు. యోకో, కేయికో లాంటి జపాన్ ఆడపేర్లలో చివరి ‘కో’ అంటే బిడ్డ అని. సుమన్, కిరణ్ తెలుగునాట అబ్బాయిలు, ఉత్తరాదిన అమ్మాయిలు కూడా. దీనివల్ల పేరు మార్చుకోవాలని కాదు. ఏ ఊళ్లో, ఏ భాషవాళ్ల మధ్య పెరగబోతుందో మీకు ముందే తెలిస్తే ఆ ఒక్క భాషలో చూసుకుంటే చాలు.

చివరి మెట్టు: విభక్తులతో వాడి చూడండి

మిగిలిన రెండు మూడు పేర్లను మాటల్లో పెట్టండి. ‘నందినికి పాలు పట్టారా?’, ‘వెన్నెలను ఎత్తుకో’, ‘మంజులతో ఆడుకుంటున్నాను’, ‘సిరి నిద్రపోయింది’. కి, ను, తో, లో చేరినప్పుడు పేరు విరిగిపోకుండా, వెతుక్కోకుండా నోటికి రావాలి. ఒక్కో పేరును ఒక్కో రోజంతా ఇంట్లో అందరూ వాడండి. పాప ఇంకా పుట్టకపోతే కడుపు మీద చెయ్యి పెట్టి పిలవండి. మూడో రోజు సాయంత్రానికి ఇంట్లో ఎవరో ఒకరు ఆ రోజు పేరు మరిచిపోయి, మొదటి రోజు పేరుతోనో రెండో రోజు పేరుతోనో పిలుస్తారు. ఏ పేరు అలా దానంతటదే నోట్లోకి వచ్చిందో అది రాసి పెట్టుకోండి.